నాలుగో వరస

అక్కా,

బుడ్డోడి కాలికి కట్టు విప్పారని బావ ఫోనులో చెప్పాడు. చూడ్డానికి రాలేదని నామీద కోపంగా ఉన్నావట. ఎందుకు రాలేదో ఫోనులో చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆగివున్న లారీని గుద్దిన ఆ స్కూలు వ్యాను డ్రైవరుకి, లైసెన్సు కోసం కంటి పరీక్ష చేసింది నేనే.

గోడమీది చార్టులో అక్షరాలు పుల్లతో చూపించి చదివించడం నా పని. పుల్ల ఇంకా నాలుగో వరస మీదే ఉంది, అతను ఐదో వరస చదివేస్తున్నాడు. చార్టంతా బట్టీపట్టి వచ్చాడు. నిలదీస్తే చేతులు పట్టుకున్నాడు. "కనబడటం లేదు సార్. స్టీరింగు తప్ప నాకు ఇంకో పని రాదు" అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు పొమ్మన్న రోజు నాన్న మొహం గుర్తొచ్చింది. ఎప్పుడూ అక్షరాల్ని వరస తప్పించి అడిగేవాణ్ణి, ఆ రోజు పుల్లని అతని నోటి వెంట నడిపించాను. చూపు బాగుందని సంతకం పెట్టాను. మంచిపని చేశానని ఇంటికొచ్చి తృప్తిగా భోంచేశాను కూడా.

చూపు ఆనదన్న సంగతి దాచాడని, అతను అబద్ధాలకోరని బావ తిట్టిపోస్తున్నాడట. అతను నాకు నిజమే చెప్పాడు. అబద్ధం నేను రాశాను. నిన్న మా ఆఫీసరుకీ ఇదే రాసిచ్చాను.

ఆ రోజు గదిలో అతనొక్కడే ఉన్నాడక్కా. వ్యానెక్కే పిల్లలెవరూ లేరు.

దెబ్బ తగిలింది మనవాడికి కనుక ఇదంతా రాశాను. ఇంకెవరి పిల్లాడికో అయితే రాసేవాణ్ణా? ఆ మాట మాత్రం నువ్వు అడగొద్దు.

నీ తమ్ముడు