ఖాళీగా వదిలిన గడి

2023 అక్టోబర్ 12
ప్రెస్సులో మళ్లీ గొడవ. మా యజమాని ఒక్సానా మేడమ్ పుస్తకం అచ్చయి, బైండింగ్ కాక వారం నుంచి మూలన పడి ఉంది — ముందు బిల్డర్ల బ్రోషర్లు కావాలట! పిల్లల పుస్తకం వీళ్లకి సరుకు కింద కూడా లెక్క కాదు. ముదీర్, అదే ప్రెస్సు మేనేజరు, నవ్వాడు. "యల్లా భాయ్, ఆఫీసుకి పో." ఆ నవ్వుకే ఒళ్లు మండింది. అతని బల్ల మీది జాబ్ స్లిప్ లాక్కుని, నేనే నింపి, బైండింగ్ బల్ల మీద కొట్టాను. ఇవాళే మొదలుపెట్టాలన్నాను. పెట్టారు. కోపం లేకుండా లోకంలో ఏ పని జరిగింది గనక?

అక్టోబర్ 14
టీ తాగుతూ మేడమ్ చెప్పింది. తనకి ఇరవై ఏళ్లప్పుడు ఉక్రెయిన్‌లో, ఖార్కివ్ మెట్రో మెట్ల దగ్గర మడత బల్ల వేసి పుస్తకాలు అమ్మేదట. తర్వాత సొంత ప్రచురణ, అన్నీ పిల్లల పుస్తకాలే. యుద్ధంలో గోడౌను కాలిపోయింది. లాప్‌టాప్ ఒక్కటి పట్టుకుని షార్జా వచ్చింది. ఇక్కడ ఇదే మొదటి పుస్తకం. బొమ్మలు వేసినావిడ ఇంకా అక్కడే ఉంది. వచ్చే శనివారం ఇక్కడి ఉక్రెయిన్ పిల్లలకి పంచుతానని మాటిచ్చింది.
ఊళ్లో కరపత్రాలు పంచిన రోజుల్లోలా నేను ఆవేశపడి అక్షరం, పోరాటం అని ఏదో అన్నాను. "నువ్వు కరపత్రంలా మాట్లాడతావు" అంది. మెచ్చుకుందా, వెక్కిరించిందా...

అక్టోబర్ 15
దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని గదికి బస్సు. గంటన్నర నిలబడే. రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబర్ 17
పుస్తకాలు వచ్చాయి. మొదటి కట్ట మేడమే విప్పింది. అట్ట మీద నక్క బొమ్మ — ముచ్చటగా ఉంది. అట్ట తిప్పితే... చివరి పేజీ. ఇంకోటి. అదీ అంతే. అన్నీ కుడివైపు బైండింగ్, అరబ్బీ పుస్తకాల్లా! కథ వెనకనుంచి మొదలవుతోంది.
ఆమె కట్ట మళ్లీ కట్టేసింది. నేను ఆగలేదు. ఫోనులో ముదీర్‌ని కడిగేశాను.

అక్టోబర్ 18
అరవడానికే ప్రెస్సుకి వెళ్లాను. బైండింగ్ చేసే బాషా భాయ్, నెల్లూరాయన, పక్కకి పిలిచి స్లిప్ చేతిలో పెట్టాడు. 'బైండింగ్ వైపు' అన్న గడి ఖాళీ. మిగతాదంతా నా రాతే. ఇక్కడికి వచ్చేవన్నీ దాదాపు అరబ్బీ పుస్తకాలు. గడి ఖాళీగా ఉంటే కుడివైపని పద్ధతి.
"ఏందబ్బయా, కొట్లాడేటప్పుడు నోరు బానే ఆడిందే. ఆ ఒక్క ముక్క రాసేదానికి చెయ్యి ఆడలేదా?"
"అది అరబ్బీ కాదని నీకు తెలీదా భాయ్?"
"నాకు కనపడేది స్లిప్పే గదా."
ముదీర్ అతనితో అప్పుడే అనేశాడట — తప్పు నీదని తేలితే ఖలాస్, వీసా క్యాన్సిల్.
"మరి ఇది ముదీర్‌కి చూపలేదే?"
"నేను చూపితే చాడీ అవుద్ది. నువ్వే చెప్పుకో."

అక్టోబర్ 19
చెప్పలేదు.
బాగవుతుందేమోనని ప్రెస్సులో ఒక కాపీ కోసి చూశారు. కుడి అంచు నరికి ఎడమవైపు జిగురేస్తే వరుసల చివరి అక్షరాలు తెగిపోతున్నాయి. నక్క తోక కూడా. మేడమ్ స్కేలు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది.

అక్టోబర్ 20
రేపు పిల్లలు వస్తారు. వట్టి చేతులే. కనీసం వచ్చే నెలకైనా మళ్లీ అచ్చు కావాలంటే ప్రెస్సు తన తప్పని ఒప్పుకోవాలి. మేడమ్ ఫిర్యాదు ఫారం నా ముందు పెట్టింది. "నువ్వే రాయి. కోపంగా రాయడం నీకే వచ్చు."
రాశాను. ఒక గడి మిగిలింది — బాధ్యుడి పేరు. ఖాళీగా పంపితే వాళ్ల పద్ధతి వాళ్లకుంది, బాషా భాయ్ పేరు పడుతుంది. నా పేరు రాస్తే ప్రెస్సు తప్పు లేదు. మళ్లీ అచ్చూ లేదు. పుస్తకమూ లేదు.
ఊరి నుంచి తెచ్చుకున్న నా పెట్టె నిండా కరపత్రాలు. ఈ గడిలో ఏం రాయాలో ఒక్కదానిలోనూ లేదు.
స్లిప్ జేబులోనే ఉంది. మేడమ్ గుమ్మంలోకి వచ్చింది — "అయిందా, రఫీ?"