తెగిన తాడుకి ‘పూర్తయింది’

డిసెంబరు 3, 2003
ఫిట్టర్ల గదిలో కంప్యూటరు పెట్టారు. రిపేర్ల రిజిస్టరు బీరువాలోకి పోయింది. మా చక్కెర ఫ్యాక్టరీలో ఏది పాడైనా ఇకమీదట ఇందులోనే ఎక్కించాలట. ఇంజనీరు గారు కుర్రాడు. "అన్నీ ఒకే టేబుల్లో ఉంటాయి వీర్రాజు గారూ, వెతుక్కోనక్కర్లేదు"... రెండు వేల పైచిలుకు వరసలు. కాస్త కిందికి తిప్పేసరికి పైనున్న గడుల పేర్లు మాయం. ఏ గడి దేనిదో.

డిసెంబరు 5
చెరకు మోసే క్యారియర్ పక్కన ఎమర్జెన్సీ తాడు తెగింది. ఎవడైనా పడితే లాగి క్యారియర్ ఆపడానికి ఉన్నది అదొక్కటే. కంప్యూటర్లో ఒక్క వేలితో ఎక్కించాను — పావుగంట. రిజిస్టరైతే ఎర్ర పెన్సిలు గీత గీసేవాణ్ణి. ఆ గీత ఉంటే పని అయ్యేదాకా ఏ ఇంజనీరూ ఇంటికి కదిలేవాడు కాదు. ఇందులో ఎరుపు లేదు.

డిసెంబరు 8
తాడు వెయ్యలేదు. క్యారియర్ కూలీ నూకరాజు అక్కడే, గెడతో చెరకు సర్దుతూ. "పడితే నిన్నే కేకేస్తాలే బాబాయ్, తాడెందుకు!" నవ్వుతాడు వెధవ. నాకు నవ్వు రాలేదు.
మధ్యాహ్నం పంపు బాగుచేశాను. ఆ వరస వెతికి ‘పూర్తయింది’ నొక్కాలి. దొరికేసరికి టేబులు తనంతట తనే కదులుతుంది. మూడుసార్లు మళ్ళీ మొదటికే. విసుగొచ్చి నొక్కి పారేసి లేచాను.

డిసెంబరు 9
తాడు సంగతి ఇంజనీరు గారిని అడిగాను. "ఎక్కించారుగా? అయితే అయిపోతుందండీ." తలెత్తలేదు. స్పానరు తీసుకుని వచ్చేశాను. ఎప్పుడు ఎదురు చెప్పాను గనక. ఒళ్ళు మండుతోంది.

డిసెంబరు 11
తాడు వరస దొరికింది. పక్కన — పూర్తయింది. ఏ దొంగ వెధవ నొక్కాడు? వెళ్ళి చూశా. తాడు తెగి అలాగే వేలాడుతోంది.

డిసెంబరు 12
నేనే.
చివరి గడిలో నా పేరు, ఎనిమిదో తారీఖు. పంపు ఇంకా పెండింగులోనే ఉంది. దాని కిందిదే తాడు. కదిలే టేబుల్లో ఒక వరస తప్పాను. మళ్ళీ తెరవాలంటే ఇంజనీరు గారి పాస్‌వర్డు కావాలి. అడగాలంటే చెప్పాలి. ముసలాడి చేతికిస్తే ఇంతే అంటారు... ఆ డబ్బాని కాలవలోకి గిరాటెయ్యాలనుంది. నొక్కింది నా వేలు — అదే మంట.

డిసెంబరు 14
క్యారియర్ ఆపి చేసే క్లీనింగు అయింది. ఫిట్టరు చెయ్యెత్తితేనే క్యారియర్ తిప్పడం మా దగ్గర పద్ధతి. ముప్పై ఏళ్ళు ఎత్తాను. ఇవాళ ఎత్తలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. గేటు బయట చెరకు లారీలు ఒకటే హారన్లు. "ఎత్తు బాబాయ్, మమ్మల్ని తిట్టిస్తావా?" — నూకరాజు. ఇంజనీరు గారు పరుగున వచ్చారు.
"ఏంటండీ ఇది!"
"తాడు వెయ్యలేదండి. అయిపోయిందని తప్పు నొక్కింది నేనేనండి. వేసేదాకా చెయ్యెత్తను."
అంత గొంతు నాదేనా.
"సిస్టమ్‌లో చూస్తాను" అని గదిలోకి వెళ్ళారు. గుమ్మం బయట కూర్చుని ఇది రాస్తున్నాను. అరగంటయింది. ఆయన టేబులు కిందికీ పైకీ తిప్పుతూనే ఉన్నారు. ఇప్పుడే కేక — "వీర్రాజు గారూ, ఎన్నో వరసండీ?"
"తాడు అందులో లేదండి. క్యారియర్ దగ్గరుంది."
ఆయన ఇంకా కుర్చీలోంచి లేవలేదు.