మూడో చీటీ

సడ్‌బరీ,
జనవరి 14, 2019

ప్రియమైన ఒడెట్‌కి,

ఈ ఉత్తరం మీ అమ్మాయి మనోన్ సంచిలో, లెక్కల పుస్తకానికీ చేతి తొడుగులకీ మధ్య పెడుతున్నాను. రెండుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. తెల్లవారకముందే లేచి ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే మనిషిని పగటి నిద్రలోంచి లేపడం నాకూ ఇష్టం లేదు. నా వాకిలికి అడ్డంగా మంచు గోడ కట్టి పోతున్నది మాత్రం నువ్వు కాదనే నమ్ముతున్నాను.

విషయం చిన్నదే. మే నెల రోవర్ ప్రాజెక్టుకి, అదే మన అంగారకుడి బండి ఆటకి, ఇరవై ఆరు మంది పిల్లల్లో ఇరవై ఐదు మంది ఫారాలు సంతకాలతో వచ్చాయి. మీ అమ్మాయిది రాలేదు. అడిగితే ఇంట్లో మర్చిపోయానంటుంది. పదకొండేళ్ళ పిల్లకి అబద్ధం చెప్పడం ఇంకా చేతకావడం లేదు, చెవులు ఎర్రబడిపోతున్నాయి.

ఆట నీకు తెలిసిందే, ఏమీ మారలేదు. బడి బేస్‌మెంటులో అదే ఇసుక గుంట, అదే గొయ్యి, గొయ్యి అవతల అదే ఎర్ర రాయి. బండి నడిపే పిల్ల పక్క గదిలో కూర్చుని చీటీలు రాసిస్తుంది. అంగారకుడి దాకా కబురు చేరడానికి ఎంత సేపు పడుతుందో తెలియాలి కాబట్టి, నేను వాటిని జేబులో వేసుకుని నాలుగు నిమిషాలు ఆగి, మీట నొక్కే పిల్లకి ఒక్కొక్కటే చదువుతాను. బండి ఇసుకలో ఎన్ని సెకన్లకి ఎంత దూరం పోతుందో ముందే కొలిచి చూసుకోవడానికి మూలన ఒక ట్రేలో ఇసుక పెడతాను, ఇప్పటికీ ఎవరూ దాని మొహం చూడరు. బండి గోతిలో పడితే చేత్తో ముట్టుకోకూడదు. తర్వాతి సోమవారం అవే చీటీలతో మళ్ళీ నడిపి తప్పెక్కడుందో వెతుకుతాం. నిజానికి పాఠమంతా ఆ సోమవారంలోనే ఉంది.

నాకు ఇదే ఆఖరి ఏడాది, జూన్‌లో రిటైర్ అవుతున్నాను. మనోన్ లాంటి ప్రశ్నలు అడిగే పిల్ల నాకు చాలా కాలంగా దొరకలేదు. ఫారం పంపించు.

నీ టీచర్,
ఇర్యా కోస్కెలా


జనవరి 17

కోస్కెలా టీచర్ గారికి,

మీ ఉత్తరం అందింది. మనోన్ ఫారం మర్చిపోలేదు, నేనే సంతకం పెట్టలేదు. చేరని పిల్లలు రిపోర్టు రాసివ్వొచ్చని ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది రాస్తుంది. అంగారకుడి గురించి ఎన్ని పేజీలు కావాలో చెప్పండి.

మీ వీధి నా రూటులో లేదు. ఆ గోడ కట్టేది గీ అనే మనిషి. చెప్పినా వినడు.

నాన్న పోయి మార్చికి మూడేళ్ళవుతుంది. మీరు గుర్తుచేసుకుంటారని కాదు, ఫారంలో తాతగారి పేరు రాసే చోటు ఉంటే మనోన్ అడిగింది.

ఉంటాను,
ఒడెట్ బ్రిజ్‌బ్వా


జనవరి 18

ప్రియమైన ఒడెట్‌కి,

మీ నాన్నగారు నాకు బాగా గుర్తున్నారు. గని షిఫ్టు దిగి స్నానం చేసి, తడి జుట్టుతోనే బడికి వచ్చేవారు. టోపీ తీసి చేతిలో పట్టుకుంటే తప్ప టీచరుతో మాట్లాడేవారు కాదు. పోయిన సంగతి పేపర్లో చదివాను. రావాలనుకుని రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు నాకు నేను ఏదో చెప్పుకున్నాను, అదేమిటో ఇప్పుడు గుర్తులేదు.

పేజీల సంగతి అలా ఉంచు. నిన్న బెల్ కొట్టాక మనోన్ కిందికొచ్చి గుంట పక్కన నిలబడింది. చేరని వాళ్ళు దేన్నీ ముట్టుకోకూడదని ఎవరో చెప్పారట, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూస్తూ ఉంది. ఇసుకలో చక్రానికి గాడులు ఎందుకు కావాలని అడిగింది. నేను చెప్పేలోపే తనే చెప్పేసి బస్సుకి పరుగెత్తింది.

ఒడెట్, ఆ రోజు సంగతి మనసులో పెట్టుకునే ఇలా చేస్తున్నావా?

ఇర్యా


జనవరి 23

టీచర్ గారికి,

అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆరో తరగతిలో నాకు లెక్కలంటే ప్రాణం. ఇంట్లో అందరూ ఆ పిల్లకి బుర్ర ఉంది అనేవాళ్ళు. అలా అనడానికి కారణం మీరే, నా నోటుబుక్కులో మీరు రాసిన మాటలు నాన్న చుట్టాలందరికీ చదివి వినిపించాడు. మా జట్టులో చీటీలు రాసింది నేను. ఆరు చీటీలు. ముందుకు ఎనిమిది సెకన్లు, కుడికి, ముందుకు ఐదు, ఎడమకి, ముందుకు తొమ్మిది, ఆగు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

పక్క గదిలో కూర్చుని ఎదురుచూస్తున్నాను. ముందు గుంట చుట్టూ బెంచీల మీద ఉన్న వాళ్ళందరి నవ్వు వినిపించింది, తర్వాత మీరు తలుపు తీశారు. వచ్చి చూస్తే బండి నడి గోతిలో తలకిందులుగా ఉంది, ఇరుసు విరిగింది. గొయ్యి చుట్టూ తిరిగి వెళ్ళాల్సిన బండి తిన్నగా పోయి అందులోనే పడింది. మా జట్టు డెనీజ్ అందరి ముందూ అంది, "దీనికి కుడేదో ఎడమేదో తెలీదు, దీన్ని నమ్ముకున్నాం" అని.

నా లెక్క కరెక్టే అని ఇంటికెళ్ళి ఏడ్చాను. నాన్న నమ్మాడు. మర్నాడు షిఫ్టు అవగానే మిమ్మల్ని అడగడానికి వచ్చాడు. తిరిగొచ్చి వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, "టీచరుగారు నువ్వు రాసింది రాసినట్టే చదివారటమ్మా. ఆవిడకి అబద్ధమాడే పనేముంది? ఈసారి జాగ్రత్తగా రాద్దువుగానిలే" అన్నాడు. తిట్టలేదు. మాంసం కూరిన రొట్టె నాకో ముక్క ఎక్కువ పెట్టాడు. ఆ ముక్క తింటుంటేనే అర్థమైంది, నాకు బుర్ర లేదని ఆయనకీ తెలిసిపోయిందని.

ఆ తర్వాత లెక్కల జోలికీ సైన్సు జోలికీ పోలేదు. తొమ్మిదో తరగతిలో తేలిక క్లాసులు తీసుకున్నాను. ఇప్పుడు నాకు బాధేమీ లేదు. మంచు బండి నడుపుతాను, రోడ్డు కళ్ళతో చూసి నడుపుతాను. మీ మీద కోపం కూడా లేదు. కాకపోతే మా అమ్మాయికి తన గురించి తెలియాల్సింది ఏదైనా ఉంటే, బెంచీల నిండా జనం ఉండగా తెలియనక్కర్లేదు.

ఒడెట్


జనవరి 27

ప్రియమైన ఒడెట్‌కి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి సెలవు పెట్టాను. జ్వరమని చెప్పాను. అబద్ధాలు నాకు నీ కూతురి కంటే తేలిగ్గా వస్తాయి.

నువ్వు రాసిన ఆరు చీటీల్లో నేను చదివింది ఐదు.

చీటీలు జేబులో వేసుకుని నాలుగు నిమిషాలు ఆగుతానని చెప్పానుగా. ఆ నాలుగు నిమిషాల్లో టొరొంటో నుంచి వచ్చిన పెద్దమనిషితో కబుర్లు చెబుతూ నిలబడ్డాను. గెలిచిన జట్టుని అక్కడి పోటీకి తీసుకెళ్ళేది ఆయనే. తర్వాత చీటీలు తీసి చదివాను. మూడోది ఏప్రన్ జేబు కుట్టులో ఇరుక్కుపోయింది. నీ బండి కుడికి తిరిగి, అక్కడే మళ్ళీ ఎడమకి తిరిగి, తిన్నగా గోతిలోకి పోయింది. అందరూ వెళ్ళిపోయాక ఏప్రన్ విప్పుతుంటే చేతికి తగిలింది. ముందుకు ఐదు సెకన్లు. నీ గుండ్రటి అక్షరాలు.

మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామనుకున్నాను. తప్పు నాదైతే జట్టుకి మళ్ళీ నడిపే హక్కు ఉంటుందని నియమం రాసింది నేనే. కానీ గెలిచిన వాళ్ళ పేర్లు అప్పటికే గోడ మీద అంటించారు. ఇసుకలో ఆడించడం చదువెలా అవుతుందని ఆ ఏడాదంతా హెడ్మాస్టరు నా మీద కారాలు మిరియాలు నూరుతున్నాడు, ఒక సాకు దొరికితే ప్రాజెక్టే ఎత్తేసేవాడు. సాయంత్రం మీ నాన్న వచ్చినప్పుడు హెడ్మాస్టరు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

మీ నాన్న టోపీ చేతిలో పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగారు. "మా పిల్ల రాసింది రాసినట్టే చదివారా అమ్మా?" చదివానన్నాను. "మీరు చెబితే చాలు" అని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ సోమవారం ఓడిన జట్లన్నీ తప్పు వెతుక్కున్నాయి. మీ జట్టుకి మాత్రం ఇరుసు విరిగింది కదా, అక్కర్లేదన్నాను. చీటీలు లెక్కపెడతారని భయపడ్డాను.

ప్రాజెక్టు బతికింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఐదారొందల మంది పిల్లలు ఆ గుంటలో బండ్లు నడిపారు. ఎప్పుడు నిద్ర పట్టకపోయినా ఆ లెక్క చెప్పుకునేదాన్ని. అందులో ఒకరు తక్కువని నాకు తెలుసు.

నీ ఆరు చీటీలు, ఆ ఏడాది గుంట పటం కవర్లో పెట్టి పంపుతున్నాను. ఇన్నాళ్ళూ ఆవిరి స్నానం చేసే సౌనా గదిలో తువ్వాళ్ళ కింద దాచాను. పారేయడానికీ చేతులు రాలేదు, ఇవ్వడానికీ రాలేదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. నీకు బుర్ర లేదన్న మాట నిజం కాదని మాత్రం తెలియాలి.

ఇర్యా


ఫిబ్రవరి 15

ఒడెట్‌కి,

మూడు వారాలైంది. నీ నుంచి జవాబు రాలేదు, రాకపోవడమే న్యాయమేమో. మనోన్ క్లాసులో నా వంక చూస్తుంది కానీ చెయ్యెత్తడం మానేసింది. ఇంట్లో ఏం చెప్పావో నేను అడగలేదు.

ఫారాల గడువు అయిపోయింది. అయినా జాబితాలో ఇరవై ఆరో గీత ఖాళీగా ఉంచాను. ఇప్పటి హెడ్మాస్టరుకి జరిగినదంతా చెప్పాను. పాత సంగతి కదా, వదిలేయండి అన్నాడు. అంత తేలిగ్గా అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే చెప్పి ఉంటే ఆ పాత ఆయన కూడా ఇలాగే అనేవాడేమో.

ఇర్యా


మార్చి 3

ప్రియమైన ఇర్యా టీచర్‌కి,

మీ ఉత్తరం చదివిన రోజు మంచు బండిని తిన్నగా మీ వీధికి తోలుకొచ్చాను. మీ వాకిలి ముందు గీ కట్టిన గోడని కారు ఎత్తున చేసి పోదామనుకున్నాను. బండి ఆపుకుని కాసేపు కూర్చున్నాను. మీ వంటింట్లో దీపం వెలుగుతోంది. ఉన్న గోడని కూడా పక్కకి తోసేసి, దారి చేసి వెళ్ళిపోయాను. ఎందుకలా చేశానో నన్నడగొద్దు.

మనోన్‌కి మొత్తం చెప్పాను. తన టీచర్ని తిడుతుందనుకున్నాను. అది మాత్రం, "చీటీలేవీ, చూపించు" అంది. రెండు వారాలు కూర్చుని కాఫీ డబ్బా మూతలతో, విరిగిపోయిన బొమ్మ కారు మోటారుతో బండి కట్టింది. మీరు పంపిన పటంలో మా బండి కొలతలు కూడా ఉన్నాయి, వాటి ప్రకారమే కట్టింది. రోడ్డు మీద చల్లే ఇసుక మా డిపోలో కావలసినంత ఉంది, ఆరు బకెట్లు అడిగి తెచ్చాను. కారు బయట పెట్టి గరాజులో గుంట కట్టాం. పటం చూసి గొయ్యి తవ్వాం. ఆరు చీటీలూ నేనే చదివాను. మూడోది కూడా.

బండి గోతిలో పడింది.

మళ్ళీ నడిపాం, మళ్ళీ పడింది. మీరు ఐదు చీటీలే చదివిన రోజున నడి గోతిలో పడింది, ఆరూ చదివితే అంచున పడింది, ఎడమ చక్రం జారి. నాలుగోసారికి నాకు ఒళ్ళు మండి బండిని తన్నబోయాను. మనోన్ నేల మీద బోర్లా పడుకుని చక్రాలనే చూస్తోంది. లేవకుండానే అంది, "అమ్మా, నువ్వు నేల మీద కొలిచావు. ఇసుకలో కొలవలేదు."

నిజమే. కారిడార్‌లో నున్నటి నేల మీద కొలిచాను. మీరు మూలన పెట్టిన ఇసుక ట్రే మొహం నేనూ చూడలేదు. ఇసుకలో చక్రం జారుతుంది, గొయ్యి పక్కకి జరగడానికి ఆ ఐదు సెకన్లు చాలవు. మనోన్ ఐదు కొట్టేసి ఏడు రాసింది. బండి గొయ్యి దాటి ఎర్ర రాయి ముందు ఆగింది. ఎర్ర రాయంటే మా ఇంట్లో కెచప్ సీసా.

అప్పుడు నేను ఏడ్చాను టీచర్. ఇరవై ఒక్క ఏళ్ళు నాకు బుర్ర లేదనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక ఐదు వారాలు, నా బతుకంతా మీరు ఎత్తుకుపోయారనుకున్నాను. చూస్తే ఉన్నది ఇంత చిన్న తప్పు. రెండు సెకన్లు. ఆ సోమవారం మీరు ఆరు చీటీలూ చదివి ఉంటే బండి పడేది, నేను బోర్లా పడుకుని చూసేదాన్ని, కొట్టేసి ఏడు రాసేదాన్ని. టొరొంటో వెళ్ళేదాన్ని కాదు. నాకు టొరొంటో అక్కర్లేదు. మీరు నా గెలుపేమీ లాక్కోలేదు, అది నాకు ఎలాగూ రాదు. నా తప్పు నాకు దక్కనివ్వలేదు. అది మాత్రం క్షమించడం నాకింకా చేతకావడం లేదు. ప్రయత్నించడం లేదని కాదు.

శ్మశానం రోడ్డు నా రూటులోనే ఉంది. మొన్న మంచు తోస్తూ నాన్న దగ్గర బండి ఆపాను. నా లెక్క తప్పే నాన్నా, టీచరు అబద్ధమాడిన మాటా నిజమే అని చెప్పాను. రెండూ నిజమేనని ఆయన బతికుండగా ఆ వంటింట్లో చెప్పుకుని ఉంటే, ఇద్దరం నవ్వుకుని ఉండేవాళ్ళం. ఆ రొట్టె ముక్క నాకు గొంతు దిగేది.

ఫారం జతచేస్తున్నాను. సంతకం నాదే. గడువు అయిపోయిందంటే ఒప్పుకోను, ఇరవై ఆరో గీత మీరే ఖాళీగా ఉంచానన్నారు. మే నెలలో బెంచీ మీద నేనూ కూర్చుంటాను. మీరు పంపిన చీటీలు నేనే ఉంచుకుంటున్నాను. మూడోది ఒక్కటి తిరిగి పంపుతున్నాను. ఈ సంగతి పిల్లలకి మీ నోటితోనే చెప్పి, దాన్ని ఆ ఇసుక ట్రే పైన గోడకి అంటించండి.

బండి పడినా పడనివ్వండి. సోమవారం మాత్రం మానకండి. ఇంకో మాట. ఈసారి చీటీలు జేబులో వేసుకోకండి టీచర్, చేతిలోనే పట్టుకోండి.

మీ విద్యార్థిని,
ఒడెట్