పూల్ గేటు తాళంచెవి నా దగ్గరుంది

చెల్లీ, లేవగానే ఈతకు దిగకు. పూల్ గేటు తాళంచెవి నేను తీసుకెళ్తున్నాను. సాయంత్రం అయిదింటికి డాక్టర్ దగ్గర నీకు టైము అడిగాను, ఏ పనున్నా మానుకో. అప్పటిదాకా పక్కింటి పిన్ని నీ దగ్గరే ఉంటుంది.

చలి తగ్గిందని మనం మళ్లీ ఈత మొదలుపెట్టిన వారం నుంచీ, రోజూ పొద్దున్న మనం దిగకముందే నీ ఈత బట్టలు, టోపీ దండెం మీద తడిగా ఉంటున్నాయి. నేనే వాడుతున్నానని నన్నెన్ని మాటలన్నావే!

గేటు తాళంచెవి ఉండేది మనింట్లోనే కదా, ఇవాళ తెల్లవారుతుండగా వాచ్‌మన్ వచ్చి తలుపు బాదాడు. "అమ్మా, పూల్లో ఎవరో ఉన్నారు, పిలిస్తే పలకట్లేదు" అన్నాడు. పరుగెత్తాను. చలికాలం పరిచిన ప్లాస్టిక్ కవరు ఇంకా సగం నీళ్ల మీదే ఉంది కదా! ఆ మనిషి దాని కిందికి ఈదుకుంటూ వెళ్లి, ఎంతో సేపటికి గానీ ఇవతలికి రావడం లేదు. అలా, మనం రోజూ ఈదే లెక్క ప్రకారమే, పదిసార్లు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడలేదు. గట్టెక్కించి, బట్టలు మార్చి పడుకోబెట్టాను.

ఆ కవరు పూర్తిగా తీయించందే ఇంటికి రాను.

ఇంకోటి. వాచ్‌మన్ "ఎవరమ్మా ఆవిడ?" అని అడిగితే అబద్ధం నోటికి రాలేదే. "మా చెల్లే, నిద్రలో ఈదుతోంది" అని చెప్పేశాను.