బేకరీ నుంచి తెప్పించిన శాండ్‌విచ్‌లు

అమ్మాయ్,

శాండ్‌విచ్‌లు ఫ్రిజ్‌లో తడిగుడ్డ కప్పి పెట్టాను. మీ ఆఫీసువాళ్లు వచ్చాకే అంచులు కోసెయ్, ముందే కోస్తే ఎండిపోతాయి. కిటికీలో ఉన్న కుండీలోంచి బేసిల్ ఆకులు అప్పటికప్పుడు తుంచి పైన పెట్టు. పూత కనిపిస్తే గిల్లెయ్, లేకపోతే ఆకు చేదెక్కుతుంది.

పోయినసారి వాళ్లు లొట్టలేసుకుంటూ తింటుంటే "బేకరీ నుంచి తెప్పించా" అన్నావు. వంటింట్లోంచి నా చెవులారా విన్నాను. గింజ వేసి మొక్కను పెంచింది నేను, తెల్లారి లేచి చేసింది నేను, పేరు మాత్రం బేకరీకి! అత్త చేసిందంటే నీ పరువు పోతుందా?

నీ ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాను. ఇవాళ నేనుండను, నోరారా చెప్పుకో.

మీ అత్త

చిన్న ప్లేటులోవి నీకు. ఉల్లిపాయ వేయలేదు. నీకు పడదని ఆ బేకరీవాళ్లకేం తెలుసు!