కుడిపక్క సీటు

అల్ఫారెట్టా, అమెరికా,
9 అక్టోబర్ 2012, మంగళవారం.

చి. దేదీప్యకు మీ తాతయ్య తిరుపతయ్య ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మా కాలం అలవాటు. క్షేమం సంగతి ఏమో గానీ అందరం తిండి మాత్రం బాగానే తింటున్నాం. నువ్వక్కడ మోరిస్‌విల్‌లో తింటున్నావో లేదో అని మీ అమ్మ రోజుకు రెండుసార్లు నన్నడుగుతోంది, నేనేదో నీ పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నట్టు.

ముందే ఒక మాట. ఈ కవర్లో ఉత్తరంతో పాటు గుడ్డలో కట్టిన చిన్న పొట్లం ఒకటుంది. ఉత్తరం ఆఖరుదాకా చదివాకే దాన్ని విప్పు. పుట్టినరోజు రాకముందే బహుమతుల కాగితాలు చించిన పిల్లవి నువ్వు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అంటావు. ఫోన్లో అయితే "ఐ యామ్ ఫైన్ తాతయ్యా, బై" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అట్లా పెట్టేయలేవు. పైగా ఐదో క్లాసు చదివిన నేను నీకు తెలుగు నేర్పితే, ఇంజనీరింగ్ చదివిన నువ్వు ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతావు. మంచిదే. నెమ్మదిగానే చదువు. తొందరగా చదివే సంగతి కాదిది.

శనివారం ఆ పాత కారు అమ్మేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. కొనే ఆ తెల్లగడ్డం ఆయన పొద్దున పదింటికి ట్రైలర్ తీసుకుని వస్తాడట. అంతకన్నా పెద్ద సంగతి మీ అమ్మ చెప్పింది. కొత్త ఆఫీసులో నీకిచ్చిన మెషీన్ల పని వద్దన్నావట, కంప్యూటర్ ముందు కూర్చునే పనేదైనా ఇమ్మని అడిగావట, సోమవారం లోపు వాళ్లు తేల్చి చెబుతారట. ఎందుకే అని అడిగితే నీ చేతుల మీద నీకే నమ్మకం పోయిందన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. పైన తిండి బాగానే తింటున్నామని రాశాను గదా, అది మిగతావాళ్ల సంగతి.

ఇంట్లో ఇప్పుడు పెద్ద గొడవ ఆ బండి తాళం. గరాజ్‌లో మేకుకు వేలాడాల్సిన తాళం నిన్నటి నుంచి కనబడటం లేదు. ఉన్నది ఒక్కటే, రెండోది లేదు. మీ నాన్న సోఫా దిండ్లన్నీ లేపాడు, కందిపప్పు డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. ఆఖరికి నా దగ్గరికొచ్చి, మామయ్యగారూ, మీరేమైనా చూశారా అని అడిగాడు. గేర్లే లేని బండి తోలేవాళ్లకి దాని తాళంతో పనేముందయ్యా అన్నాను. నవ్వలేదు. పాపం శ్యామ్‌సుందర్ మంచివాడే, బానెట్ ఎట్లా తెరుస్తారో తెలియదు గానీ. నేనిది రాస్తుంటే కింద గరాజ్‌లో డబ్బాలు జరుపుతున్న చప్పుడు వినబడుతోంది. మీ అమ్మమ్మ ఇప్పటికి రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, ఏంటి అంతసేపు రాస్తున్నారు, వీలునామానా అని అడిగి పోయింది. ఔను, నీ గాజులన్నీ నాకే రాసుకుంటున్నా అన్నాను.

ఏప్రిల్లో ఆ బండిని నువ్వు ఇంటికి తెచ్చిన రోజు గుర్తుందా? నీకంటే ఇరవై ఏళ్లు పెద్దది, స్టీరింగ్ ఎడంపక్క పెట్టించుకుని ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చింది, ఉన్నవి రెండే సీట్లు, ఆ రెండింట్లోనూ ఎలుకలు కాపురం ఉండి పోయాయి. మీ అమ్మమ్మ చుట్టూ తిరిగి చూసి, పైకప్పు కూడా లేనిదాన్ని తెచ్చుకున్నావేంటే అంది. ఇందులో మనిషి కూర్చుంటాడా పడుకుంటాడా అని నేనన్నాను. నువ్వు జుట్టు ముడేసుకుని దాని కింద దూరావు. ఐదు నెలలు బయటికి రాలేదు.

నేను ఒంగోలు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలాను. మెకానిక్కులను ఎంతోమందిని చూశాను. నీ అంత ఓపికగా నట్టు విప్పినవాణ్ణి చూడలేదు. విప్పిన ప్రతిదాన్నీ తుడిచి, ఫొటో తీసి, చీటీ అంటించి, వరసగా పేర్చేదానివి. బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు నేను సీట్లో కూర్చుని పెడల్ తొక్కేవాణ్ణి, నువ్వు చక్రం దగ్గర పడుకుని చిన్న నట్టు తిప్పేదానివి. నొక్కు, పట్టుకో, వదులు. నాలుగు చక్రాలకూ కలిపి ఎన్నిసార్లు తొక్కించావో, రెండు రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. కానీ ఆఖర్న ఆ పెడల్ నా కాలి కింద ఎట్లా నిలబడిందో నాకు తెలుసు. అంత మంచి బ్రేకు మా డిపోలో కొత్త బస్సుకి కూడా లేదు.

మరి ఆ రోజు ఎందుకు పట్టలేదు అంటావు. అక్కడికే వస్తున్నా.

బండి రోడ్డెక్కే రోజు పూజ చేద్దామని అమ్మమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. వద్దన్నావు. నేను చక్రాల కింద నిమ్మకాయలు పెడదామన్నాను, కొబ్బరికాయ కొడదామన్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డావు. "నో లెమన్స్, నో కోకోనట్. దీన్ని నేను ఫిక్స్ చేశాను తాతయ్యా. ఫస్ట్ డ్రైవ్ నా పని మీదే నడవాలి. ప్రామిస్ చెయ్" అన్నావు. చేశాను. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టేశాను. అప్పుడే నన్ను కుడిపక్క సీట్లో కూర్చోనిచ్చావు. మీ అమ్మ అడిగినా ఇవ్వని సీటు.

సెప్టెంబర్ ఆరు, గురువారం, మధ్యాహ్నం మూడున్నర. మన వీధిలో రెండు చుట్లు తిప్పావు, బ్రేకు వేస్తే చక్కగా ఆగింది. అందరికీ చెయ్యి ఊపి పెద్ద రోడ్డెక్కావు. రెండుసార్లు తొక్కి డబుల్ క్లచ్ వేసి గేరు మారుస్తుంటే, నేను నేర్పిందే అయినా, నాకే ముచ్చటేసింది. గాలికి నా నాలుగు వెంట్రుకలు కూడా లేచి నిలబడ్డాయి.

తర్వాత ఆ పొడుగాటి దిగుడు. అడుగున పసుపుపచ్చ స్కూల్ బస్సు ఆగి ఉంది, ఎర్ర లైట్లు కొట్టుకుంటున్నాయి, పక్కన స్టాప్ బోర్డు తెరుచుకుని ఉంది. పిల్లలు దిగుతున్నారు. నువ్వు ముందుగానే బ్రేకు మీద కాలు పెట్టావు. బండి తగ్గలేదు. నీ మోకాలు బిగుసుకోవడం చూశాను.

"తాతయ్యా, బ్రేక్ పట్టట్లేదు" అన్నావు.

అరవలేదు నువ్వు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పావు. పెడల్ కొంచెం దిగి రాయిలా ఆగిపోయిందని తర్వాత చెప్పావు. అప్పటికి గులాబీరంగు బ్యాగు వేసుకున్న పాప ఒకతి రోడ్డు సగం దాటింది. మన ఇంజన్ చప్పుడు విని అక్కడే నిలబడిపోయి మనవైపు చూసింది. ఆ పిల్ల కళ్లు ఇప్పటికీ నాకు కనబడుతూనే ఉన్నాయి.

నువ్వు క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో వదిలి, రేస్ ఇచ్చి, మళ్లీ తొక్కి రెండో గేరులో వేశావు. ఇంజన్ ఏడ్చినట్టు అరిచింది. కుడిచేత్తో హ్యాండ్‌బ్రేకు లాగుతూ ఎడంచేత్తో స్టీరింగ్ తిప్పావు. రోడ్డు దిగి గడ్డిలోకి పోయాం, ఎవరిదో ఉత్తరాల డబ్బాను కొట్టి ఆగాం. ఆ పాపకీ మనకీ మధ్య రెండు బండ్ల దూరం. నువ్వు తలుపు తోసుకుని ఆ పిల్ల దగ్గరికి పరుగెత్తావు. నేను బండిలోనే ఉండిపోయాను.

సాయంత్రం ఇంట్లో ఏం చెప్పానో నీకు తెలుసు. హ్యాండ్‌బ్రేకు నేనే లాగానని చెప్పాను. శ్రీశైలం ఘాట్లో ఇట్లాంటివి ఎన్ని చూడలేదు అని కూడా అన్నాను. అమ్మమ్మ నాకు దిష్టి తీసింది. నిజానికి నా రెండు చేతులూ తలుపును పట్టుకుని ఉన్నాయి, కళ్లు మూసుకున్నానో తెరుచుకున్నానో కూడా చెప్పలేను. ఆ సంగతి నీకు తెలుసు. అందరి ముందూ ఒక్క మాట కాదనలేదు. పైగా, "నేనే చేశాను తాతయ్యా. నా తప్పు ఎక్కడో ఉంది" అన్నావు.

అప్పటి నుంచి మూడుసార్లు విప్పావు ఆ బ్రేకులు. పైపులు మార్చావు, మాస్టర్ సిలిండర్ మార్చావు, ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశావు. తప్పు దొరకలేదు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. దొరికిన తప్పయితే సరిచేసుకుని నవ్వుకునేదానివి. దొరకని తప్పు నిన్ను తినేసింది. ఏ బండిలో మోరిస్‌విల్ వెళ్లి ఉద్యోగంలో చేరాలనుకున్నావో, దాన్ని గుడ్డ కప్పి వదిలేసి బస్సెక్కి పోయావు. నన్ను కావలించుకుని, నీకేమన్నా అయ్యుంటే నేను బతికేదాన్ని కాదు తాతయ్యా అన్నావు. నేను నీ వీపు తట్టాను. అంతే చేశాను.

కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నది ఒక్కదానికే. ఆ బ్రేకుల్లో తప్పు లేదు. ఆ రోజు ఆ పాపని కాపాడింది నీ చేతులే. బండి అమ్మవద్దు. మీ ఆఫీసు వాళ్లకి మెషీన్ల పనే చేస్తానని చెప్పు. పెద్దవాడి మాటగా విను.

వేళకు తిను. ఆ పెట్టెల్లో వచ్చే చల్లటి తిండి మానెయ్. తలకు నూనె పెట్టుకో, పెట్టుకోకపోయినా పెట్టుకున్నానని మీ అమ్మమ్మకి చెప్పు.

ఇట్లు, నీ బండికి పెడల్ తొక్కి మోకాళ్లు అరగదీసుకున్న
మీ తాతయ్య,
తిరుపతయ్య.

తా.క. సంతకం పెట్టేశాను, పొట్లం చూస్తే నీకే తెలుస్తుందిలే అనుకుని కవరు అంటించబోయి ఆగిపోయాను. పైదంతా చదివి, తప్పు లేదని నీకెట్లా తెలుసు తాతయ్యా అని అడుగుతావు నువ్వు. పెద్దవాడి మాట అని రాస్తే వినే రకానివి కాదు. ఇప్పుడు పొట్లం విప్పు.

అందులో ఉన్నది నిమ్మకాయ. మీ అమ్మ ఫ్రిజ్‌లోది. ఆ గురువారం మధ్యాహ్నం నువ్వు చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయినప్పుడు, నీ నెత్తి మీద ఒట్టేసిన ఈ చేత్తోనే దాన్ని నీ సీటు కింద పెట్టాను. చక్రం కింద పెడితే కనబడుతుంది, సీటు కింద అయితే కనబడదు అనుకున్నాను. ఇరుకు బండి, దిగుడు రోడ్డు. అది దొర్లి పోయి నీ బ్రేకు పెడల్ వెనక ఇరుక్కుంది. నువ్వు బయటికి పరుగెత్తినప్పుడు నేను నీ సీట్లోకి ఒరిగి, చెయ్యి పెట్టి లాగి, జేబులో వేసుకున్నాను. అందుకే బండిలోనే ఉండిపోయాను. జాకెట్‌కి ఈ పులుపు వాసనేంటని అమ్మమ్మ అడిగితే నీకు ముసలితనం వచ్చి ముక్కు పోయిందన్నాను.

కుళ్లిపోకుండా ఉప్పులో వేసి, నా గది కిటికీలో ఎండబెట్టి, గడ్డం గీసుకునే డబ్బాలో దాచాను. నిజాన్ని దాచేసేవాణ్ణే అయితే దీన్ని ఆ రోజే పారేసేవాణ్ణి గదా. తిప్పి చూడు, ఒక పక్క నలిగిపోయి ఉంటుంది. ఆ నలిగిన చోట గీతలున్నాయి, ఆరు. నీ పెడల్ వెనకవైపు రేకుకి ఎన్ని గీతలున్నాయో నీకు నాకంటే బాగా తెలుసు. వచ్చి పక్కన పెట్టి కొలుచుకో.

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలితే ఒక్క దెబ్బ తగల్లేదు నాకు. అది నా చేతుల గొప్ప అని ఎప్పుడూ అనుకోలేదు, దసరాకి కట్టిన నిమ్మకాయది అనుకున్నాను. నీ చేతులనైనా నమ్మి ఉండాల్సింది.

నిజం చెబితే ఆ సీటు పోతుందని నెల రోజులు నోరు మూసుకున్నాను. గురువారానికి నీకిది అందుతుందట. ఆ సాయంత్రం మీ నాన్నకీ అమ్మకీ అమ్మమ్మకీ నేనే చెబుతాను, అందరినీ కూర్చోబెట్టి. అమ్మమ్మ ఏమంటుందో దానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

పొట్లంలో నిమ్మకాయ కింద ఇంకోటి తగులుతుంది చూడు. అది తాళం. శనివారం ఆ గడ్డం ఆయన ట్రైలర్‌తో వస్తే కాఫీ ఇచ్చి పంపుతాను. నువ్వు వచ్చి బండి తియ్యి. నా మీద కోపం తగ్గడానికి ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు పట్టనీ. తగ్గినాక నన్ను ఎక్కించుకుంటే, ఎక్కేముందు జేబులన్నీ తిరగేసి చూపిస్తాను, రెండు చేతులూ నీకు కనబడేట్టు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంటాను.