కొలత మగ్గుకు మార్కులు వేయొద్దు

ఏమండీ,

మన పిల్ల పిడుగు లేవగానే ఒంటేలు బాత్రూంలో పెట్టిన కొలత మగ్గులోనే పోయించండి. ఏ గీత దాకా వచ్చిందో తలుపుకి అంటించిన కాగితం మీద రాసి, అప్పుడు పారబోయండి. తాగిన నీళ్లూ రాయాలి. బట్టలు తడుపుకుంటే అదీ రాయాలి. దాచొద్దు.

ట్యూషన్లు చెప్పీ చెప్పీ మీకు అన్నిటికీ మార్కులు వేయడం అలవాటైపోయింది. నిన్న మగ్గు సగం దాటగానే "శభాష్, పొద్దుటికన్నా ఎక్కువ!" అన్నారు. ఇంకేం, అది ఈసారి ఇంకా ఎక్కువ తెచ్చుకోవాలని కాళ్లు మెలేసుకుని బిగబట్టింది. చివరికి సోఫా తడిసింది. డాక్టరమ్మ ఉన్నది ఉన్నట్టు కొలవమంది, ఎక్కువ తెప్పించమని కాదు. ఎంత వచ్చినా పొగడొద్దు, తిట్టొద్దు.

రాత్రిళ్లు పక్క తడుపుతోందని, సాయంత్రం నుంచి దానికి నీళ్లు మాన్పించమని అత్తయ్య గొడవ. నేను మాన్పించను. దాహమంటే ఇవ్వండి. ఏమన్నా ఉంటే నాతో తేల్చుకోమనండి.

కొలతల కోసం ఇవాళ దాన్ని బడి మాన్పించాను కదా, ఆ సంగతి చెప్పడానికి నేనే బడికి వెళ్తున్నా. పాఠం మధ్యలో ఒంటేలుకి బయటికి పంపనన్న టీచరమ్మతో తాడో పేడో తేల్చుకునే వస్తా.

అన్నట్టు, రాత్రి తడిసిన దుప్పటి వీధివైపు బాల్కనీలో ఆరేశా. నలుగురూ చూస్తారని అత్తయ్య లోపలికి తెస్తే, మళ్లీ అక్కడే ఆరేయండి. "అమ్మా, నా దుప్పటి ఒక్కటే ఎందుకు గదిలో ఆరేస్తారు?" అని అడిగింది నిన్న.